మామిడి, సపోటా ఐసొలేట్లకు ఏ అమైనో ఆమ్లం కావాలో ఎంఆర్ఎస్ బ్రాత్‌లో ఎందుకు తెలియదు

మీ ప్రశ్నను కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మామిడి పండు నుంచి ఒకటి, సపోటా నుంచి ఒకటి లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాను వేరు చేశారు, ఇలా వేరు చేసిన వాటినే ఐసొలేట్లు అంటాం. మామిడిది కడ్డీ ఆకారం, గ్యాస్ రావడం లేదు. సపోటాది పొట్టి కణాల గొలుసులు, డర్హామ్ ట్యూబులో (గ్యాస్‌ను పట్టి చూపే బోర్లించిన చిన్న గొట్టం) గ్యాస్ వస్తోంది. ఈ బ్యాక్టీరియాను పెంచే ఎంఆర్ఎస్ బ్రాత్ అనే పోషక ద్రవంలో ఒక్కో అమైనో ఆమ్లాన్ని 0.5 శాతం చొప్పున కలిపి 24 గంటల తర్వాత ఓడీ (ద్రవం ఎంత మసకబారిందో చెప్పే కొలత, పెరుగుదలకు గుర్తు) చూశారు. టైరోసిన్‌తో రెండూ బాగా పెరిగినట్టు కనిపించాయి. ఆర్జినిన్‌తో సపోటా ఐసొలేట్ ఒక్కటే కొంచెం పెరిగింది. గ్లుటామిక్ ఆమ్లం, సిస్టీన్ హైడ్రోక్లోరైడ్, గ్లైసిన్ కలిపిన ట్యూబుల్లో తగ్గింది. మిగతావాటితో తేడా లేదు. వీటిలో దేన్ని గ్రోత్ ప్రమోటర్ (పెరుగుదలను పెంచేది) అని రాయాలి అని అడిగారు.

ఇప్పుడున్న డేటాతో దేన్నీ రాయకండి. పని వృథా అయిందని మాత్రం అనుకోవద్దు. ఆ ట్యూబుల్లో చాలా సమాచారం ఉంది, కాకపోతే మీరు వెతుకుతున్న సమాచారం కాదు.

ముందు టైరోసిన్ సంగతి, ఎందుకంటే థీసిస్‌లో పెద్ద అక్షరాలతో పడబోయేది అదే. టైరోసిన్ నీటిలో దాదాపు కరగదు. గది ఉష్ణోగ్రత దగ్గర లీటరు నీటిలో అర గ్రాము కూడా కరగదు, మీరు వేసింది లీటరుకు 5 గ్రాములు. ఆటోక్లేవ్ వేడికి కొంత కరిగినట్టు కనిపించి, చల్లారాక సన్నటి స్ఫటికాలుగా బయటికి వస్తుంది. వోర్టెక్స్ చేసి క్యువెట్‌లో పోయగానే ఆ స్ఫటికాలు కాంతిని చెదరగొడతాయి. ఓడీ మీటరుకు బ్యాక్టీరియా కణానికీ టైరోసిన్ స్ఫటికానికీ తేడా తెలియదు. బ్యాక్టీరియా వెయ్యని టైరోసిన్ బ్రాత్‌ను బ్లాంకుగా పెట్టి మళ్లీ చూడండి. ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెడితే సూదుల్లాంటి స్ఫటికాలు మీకే కనిపిస్తాయి. సిస్టీన్ ఆక్సీకరణ చెందితే వచ్చే సిస్టిన్ ఇంకా తక్కువ కరుగుతుంది, దానితోనూ ఇదే తలనొప్పి. ఎందులోనైనా కరగని పదార్థం ఉందన్న అనుమానం వస్తే ఓడీని వదిలేసి ప్లేట్ల మీద కాలనీలు లెక్కపెట్టండి.

తగ్గిన మూడింటిలో రెండింటికి కారణం చాలావరకు పీహెచ్. గ్లుటామిక్ ఆమ్లం పేరులోనే ఆమ్లం ఉంది. సిస్టీన్ హైడ్రోక్లోరైడ్ అంతకన్నా గట్టి ఆమ్లం. లీటరుకు 5 గ్రాములు వేస్తే ఎంఆర్ఎస్‌లో ఉన్న ఫాస్ఫేటు, ఎసిటేటు ఆ ఆమ్లాన్ని పూర్తిగా కాయలేవు. పీహెచ్ 6.5 దగ్గర ఉన్న కంట్రోల్‌తో, అంతకన్నా బాగా దిగువన మొదలైన ట్యూబును పోల్చి అమైనో ఆమ్లం పెరుగుదలను ఆపింది అనడానికి లేదు. ఆర్జినిన్ ఫ్రీ బేస్ (హైడ్రోక్లోరైడ్ కలవని రూపం) అయితే దీనికి సరిగ్గా ఉల్టా, అది గట్టి క్షారం. మీరు ఫ్రీ బేస్ వాడారా, హైడ్రోక్లోరైడా అన్నది రాయలేదు. సీసా మీద చూసి తప్పకుండా నోట్ చేసుకోండి. అమైనో ఆమ్లం కలిపాక ప్రతి బ్రాత్‌ను ఒకే పీహెచ్‌కు తెచ్చి, ఆ తర్వాతే ఫిల్టర్ చెయ్యాలి. ఈ ఒక్క అలవాటు లేకపోవడం వల్ల మన కాలేజీల్లో ఎన్ని ప్రాజెక్టులు పీహెచ్ ప్రభావాన్ని అమైనో ఆమ్లాల ప్రభావంగా రాసుకున్నాయో తలుచుకుంటే బాధ కలుగుతుంది.

గ్లైసిన్ తగ్గించడం మాత్రం నిజమైన ప్రభావమే కావచ్చు. గ్లైసిన్ ఎక్కువైతే కణ కవచంలో డి-అలనిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట అది దూరి గోడను బలహీనపరుస్తుంది. లాక్టోబాసిల్లస్‌లోకి ప్లాస్మిడ్ (చిన్న డీఎన్ఏ వలయం) ఎక్కించే ల్యాబుల్లో కణ కవచం మెత్తబడాలని కావాలనే 1 శాతం దాకా గ్లైసిన్ వేసి పెంచుతారు. ప్రొటీన్‌కు ఇటుకలాంటి పదార్థమే మోతాదు మారితే అదే కణాన్ని దెబ్బతీస్తుంది. మీరు దీన్ని 0.05, 0.1, 0.5, 1 శాతాలతో ఒక వరుసగా చేస్తే చక్కటి గ్రాఫ్ వస్తుంది.

ఇక అసలు విషయం. మిగతా అమైనో ఆమ్లాలతో తేడా ఎందుకు రాలేదు?

ఎంఆర్ఎస్‌ను 1960లో డి మాన్, రొగోసా, షార్ప్ తయారు చేసింది లాక్టోబాసిల్లస్‌లకు ఏ లోటూ ఉండకూడదని. అందులో లీటరుకు 10 గ్రాముల పెప్టోన్, 10 గ్రాముల మాంస సారం, 5 గ్రాముల ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఉంటాయి. అంటే దాదాపు 25 గ్రాముల పెప్టైడ్లు, అమైనో ఆమ్లాలు, విటమిన్లు. పెళ్లి విందులో కడుపు నిండా తిన్నవాడి విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసి, ఇతనికి పప్పు అవసరమా కాదా అని చూస్తే ఏం తెలుస్తుంది? ఎంఆర్ఎస్‌లో ఈ బ్యాక్టీరియా పెరుగుదల ఆగేది తిండి చాలక కాదు, తాను వదిలిన లాక్టిక్ ఆమ్లంలో తానే చిక్కుకుని. పీహెచ్ 4 దగ్గరికో ఆ కిందికో దిగేసరికి ఆట అయిపోతుంది. అప్పుడు లూసిన్ ఎంత పోసినా ఒకటే.

అమైనో ఆమ్లం ప్రభావం అన్నది ఆ అమైనో ఆమ్లంలో మాత్రమే ఉండే గుణం కాదు. ఆ స్ట్రెయిన్ (ఒక జాతిలోని ప్రత్యేక రకం) తనంతట తాను ఏం తయారు చేసుకోగలదు, మీ మీడియంలో ఏది లేదు, ఈ రెండూ కలిస్తేనే ప్రభావం పుడుతుంది. అందుకే కలిపి చూడకూడదు, తీసేసి చూడాలి.

ఈ తీసేసే పద్ధతి కొత్తదేమీ కాదు. 1940ల్లో అమైనో ఆమ్లాలను కొలిచే యంత్రాలు లేనప్పుడు లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియానే కొలబద్దగా వాడారు. ఒక్క ట్రిప్టొఫాన్ తప్ప అన్నీ ఉన్న మీడియంలో, ఆహార నమూనాను కొద్దికొద్దిగా వేసి, బ్యాక్టీరియా ఎంత ఆమ్లం వదిలిందో 72 గంటల తర్వాత క్షారంతో టైట్రేట్ చేసి కొలిచేవారు. ఎంత ఆమ్లమో అంత ట్రిప్టొఫాన్. అప్పట్లో లాక్టోబాసిల్లస్ అరాబినోసస్ 17-5 అని పిలిచిన స్ట్రెయిన్, ఇప్పుడు ఏటీసీసీ అనే అమెరికా సూక్ష్మజీవుల భాండాగారంలో 8014 నంబరుతో ఉన్న లాక్టోబాసిల్లస్ ప్లాంటారమే. విటమిన్లలోనూ ఇదే దారి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల బృందం 1945లో కృత్రిమంగా తయారు చేసినట్టు ప్రకటించిన ఫోలిక్ ఆమ్లాన్ని మొదట పిలిచిన పేరే ఎల్. కేసీ ఫ్యాక్టర్, అంటే లాక్టోబాసిల్లస్ కేసీ పెరగడానికి కావలసిన పదార్థం. లోటు వల్ల ఆగిపోయిన బ్యాక్టీరియా ఆ పదార్థం పడగానే లేచి పెరగడమే దాన్ని పట్టుకోవడానికి ఆనవాలు అయింది. మీ ప్రాజెక్టు ఆ సంప్రదాయానికి చెందినదే, గర్వంగా చెయ్యండి.

మీ మామిడి ఐసొలేట్ గ్యాస్ వదలని కడ్డీ కాబట్టి లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారమ్ కావచ్చు. 2020లో పేర్లు మారక ముందు దీన్నే లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనేవారు. పండ్ల మీద, ఊరగాయల్లో, పశువులకు పులియబెట్టే మేత సైలేజ్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. బ్యాక్టీరియాను గుర్తించడానికి చూసే 16ఎస్ జన్యు సీక్వెన్స్ ఒక్కటే చేయిస్తే ప్లాంటారమ్, దాని దగ్గరి బంధువు పెంటోసస్ విడిపడవు, recA జన్యువు కూడా చూడాలి. దీని డబ్ల్యూసీఎఫ్ఎస్1 స్ట్రెయిన్ జన్యుపటం 2003లో వచ్చింది. అందులో లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ తప్ప మిగతా అమైనో ఆమ్లాలను తయారు చేసుకునే దారులు ఉన్నాయని తేలింది. కాబట్టి మీ ఐసొలేట్ అదే అయితే ఈ మూడింటిలో ఏది తీసినా పెరుగుదల పడిపోతుందని ముందే ఊహించవచ్చు. పాలల్లో, పేగుల్లో స్థిరపడిన అసిడోఫిలస్, జాన్సోనై లాంటి వాటికి ఈ దారుల్లో చాలాభాగం పోయాయి. తిండి సిద్ధంగా దొరికే చోట ఉన్నవి వండుకోవడం మానేశాయి. మొక్కల మీద బతికేది ఇంకా చాలావరకు తానే చేసుకుంటుంది.

ప్లాంటారమ్‌కు ప్రొటీన్‌ను కణం బయట ముక్కలు చేసే ప్రొటియేజ్ లేదు. పండులో ఉన్న కాస్త ప్రొటీన్ దానికి అక్కరకు రాదు. కానీ చిన్న పెప్టైడ్లు దొరికితే లోపలికి లాక్కునే వ్యవస్థలు బాగా ఉన్నాయి. విడి అమైనో ఆమ్లాలు ఇచ్చినప్పుడు కొన్ని ఒకే ద్వారంలో దూరాలి. లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అలాంటివి. లూసిన్ ఒక్కటి విపరీతంగా పోస్తే వాలిన్ లోపలికి రాక పెరుగుదల తగ్గడం కూడా చూస్తాం. పెప్టైడ్ రూపంలో ఇస్తే ఈ తోపులాట ఉండదు. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అంత బాగా పనిచెయ్యడానికి ఇదొక కారణం.

సపోటా ఐసొలేట్ నాకు ఇంకా ఆసక్తిగా ఉంది. గ్యాస్ వదిలే పొట్టి కణాల గొలుసులంటే ఎవరైనా వెంటనే ల్యూకోనోస్టాక్ అనే లాక్టిక్ బ్యాక్టీరియా అంటారు. కానీ ల్యూకోనోస్టాక్ సాధారణంగా ఆర్జినిన్ నుంచి అమ్మోనియా వదలదు. వీసెల్లా కన్ఫ్యూసా, వీసెల్లా సిబేరియా వదులుతాయి. పెరుగుదల పీహెచ్ వల్లే అయితే మామిడి ఐసొలేట్‌లోనూ కొంత కనిపించాలి. ఒక్క సపోటాదే పెరిగిందంటే ఆర్జినిన్ డీఇమినేజ్ దారి ఉందేమోనని నా అనుమానం. ఈ దారిలో ఒక ఆర్జినిన్ విరిగితే ఒక ఏటీపీ, రెండు అమ్మోనియాలు, ఒక కార్బన్ డయాక్సైడ్ వస్తాయి, ఆర్నిథిన్ మిగులుతుంది. ఇక్కడ ఆర్జినిన్ చేసే పని ప్రొటీన్ కట్టడం మాత్రమే కాదు. శక్తినిస్తుంది, అమ్మోనియాతో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. అందుకే మొదటి గంటల్లో వేగం పెరగకపోయినా చివరి ఓడీ ఎక్కువ ఉంటుంది. మీరు 24 గంటల దగ్గర ఒక్కసారే చూశారు కాబట్టి వేగం పెరిగిందా, ఆగడం ఆలస్యమైందా తెలియదు. రెండు గంటలకొకసారి ఓడీ, పీహెచ్ రెండూ తీస్తే తెలుస్తుంది.

అమ్మోనియా పరీక్ష చేసేటప్పుడు ఒక జాగ్రత్త. మామూలు ఎంఆర్ఎస్‌లో ట్రైఅమ్మోనియం సిట్రేట్ ఉంటుంది, అమ్మోనియాను రంగుతో చూపే నెస్లర్ రీయేజెంట్ పోస్తే బ్యాక్టీరియా లేకుండానే రంగు వస్తుంది. దాని బదులు సోడియం సిట్రేట్ వేసి, మాంస సారం తీసేసి, గ్లూకోజు బాగా తగ్గించి, 0.3 శాతం ఆర్జినిన్‌తో చెయ్యండి. గ్లూకోజు ఎక్కువుంటే కొన్ని స్ట్రెయిన్లలో ఈ ఎంజైములు అణిగి ఉంటాయి. ఆర్జినిన్ లేని ట్యూబు పక్కన తప్పక ఉండాలి.

గ్లుటామేట్‌ది కూడా ఇలాంటి రెండో పాత్రే. కొన్ని స్ట్రెయిన్లు దాన్ని గాబా అనే పదార్థంగా మార్చేటప్పుడు కణం లోపల ఒక ప్రోటాన్ ఖర్చవుతుంది, ఆమ్లాన్ని తట్టుకోవడానికి అది సాయం. మోనోసోడియం గ్లుటామేట్ రూపంలో వేసి, పీహెచ్ సరిచేసి చూస్తే మీరు చూసిన ఆ తగ్గుదల కనిపించకపోవచ్చు. హిస్టిడిన్, టైరోసిన్ విషయంలో మాత్రం ఇలాంటి చర్యతోనే హిస్టమిన్, టైరమిన్ తయారవుతాయి. మీ ఐసొలేట్‌ను పండ్ల రసంలో ప్రోబయోటిక్‌గా వాడాలన్న ఆలోచన ఉంటే అవి వస్తున్నాయో లేదో చూడకుండా ముందుకు వెళ్లకండి. తాగేవాళ్ల ఆరోగ్యం సంగతి ఇది.

ఇక ఏం చెయ్యాలి. మీకు సమయం తక్కువ ఉందన్నారు కాబట్టి మొదట ఈ చిన్న ప్రయోగం చెయ్యండి. మామిడి రసాన్ని పలచన చేసి, సెంట్రిఫ్యూజ్ చేసి, పీహెచ్ 6 దగ్గరికి తెచ్చి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టండి. గుజ్జు ముందే బాగా దిగకపోతే ఫిల్టర్ మూసుకుపోతుంది. ఈ రసాన్ని అయిదు భాగాలు చేసి ఒకటి అలాగే ఉంచండి, ఒకదానికి 0.5 శాతం ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, ఒకదానికి అన్ని అమైనో ఆమ్లాల మిశ్రమం, ఒకదానికి బి విటమిన్లు, మాంగనీసు, ఇంకోదానికి అమ్మోనియం ఫాస్ఫేట్ కలపండి. అమైనో ఆమ్లాల మిశ్రమంతో పెరుగుదల దాదాపు ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అంత వస్తే ఆ రసంలో లోటు అమైనో ఆమ్లాలదే. విటమిన్లు, మాంగనీసుతోనే వస్తే మీ ప్రాజెక్టు దిశే మారాలి. ఒక్కోటి విడిగా పని చెయ్యకపోతే రెండూ కలిపి కూడా చూడండి, లోటు రెండు చోట్లా ఉండొచ్చు. మాంగనీసును తేలిగ్గా తీసుకోవద్దు, ప్లాంటారమ్ ఆక్సిజన్ వల్ల జరిగే నష్టం నుంచి కాచుకోవడానికి దాన్ని కణంలో భారీగా పోగు చేసుకుంటుంది. అమ్మోనియం ట్యూబులో పెద్దగా ఏమీ జరగదని నా అంచనా. ఈస్టులు అమ్మోనియాతో బతుకుతాయి, ఇవి సాధారణంగా అలా బతకలేవు. అందుకే వైన్ తయారీలో ఈస్టు కోసం వేసే అమ్మోనియం ఫాస్ఫేట్ లాక్టిక్ బ్యాక్టీరియాకు ఉపయోగపడదు.

పండును బట్టి ఉన్న అమైనో ఆమ్లాలూ మారతాయి. ద్రాక్షలో ఆర్జినిన్, ప్రోలిన్ ఎక్కువ. ఆపిల్‌లో, అనాసలో ఆస్పరజిన్. టమాటాలో గ్లుటామిక్ ఆమ్లం. పుచ్చకాయలో సిట్రులిన్. ప్రోలిన్ ఎంత ఉన్నా తిండిగా పెద్దగా పనికిరాదు, చక్కెర చిక్కగా ఉన్న రసంలో కణం నీరు కోల్పోకుండా కాచుకోవడానికే ఎక్కువగా వాడుకుంటుంది. కాబట్టి మొత్తం నత్రజని ఎంత అన్న ఒక్క అంకె చూసి ఈ రసం మంచిది, ఆ రసం కాదు అనలేం.

పండ్ల మీద ఇవి ఒంటరిగా ఉండవు కూడా. ఈస్టు తనకు ఎక్కువైన అమైనో ఆమ్లాలను బయటికి వదిలితే వాటితోనే ప్లాంటారమ్ లాంటివి బతుకుతాయని 2017లో ప్రచురించిన పరిశోధన ఒకటి చక్కగా చూపించింది. మీ ఐసొలేట్ రసంలో ఒంటరిగా పెరగకపోతే, మరి పండు మీద ఎలా పెరిగిందన్న ప్రశ్నకు ఒక జవాబు అక్కడ ఉండొచ్చు. మీరు అదే సపోటా నుంచి ఈస్టు కూడా తీసి ఉంటే, దాన్ని పెంచి వడకట్టిన ద్రవాన్ని ఒక ట్యూబులో వేసి చూడండి.

ఆ తర్వాత సింగిల్ ఒమిషన్, అంటే ఒక్కో ట్యూబులో ఒక్కో అమైనో ఆమ్లాన్ని తీసేసి చూడడం. అన్నీ తెలిసిన పదార్థాలతో మీడియం తయారు చెయ్యాలి: గ్లూకోజు, ఫాస్ఫేటు, ఎసిటేటు, మెగ్నీషియం, మాంగనీసు, ట్వీన్ 80, అడెనిన్, గ్వానిన్, యురాసిల్, బి విటమిన్లు, ఇరవై అమైనో ఆమ్లాలు. చాలా అమైనో ఆమ్లాలకు లీటరుకు 0.1 నుంచి 0.5 గ్రాములు సరిపోతాయి. సపోటా ఐసొలేట్ గ్యాస్ వదిలే రకం కాబట్టి థయమిన్ మరవద్దు. గ్లూకోజును, అమైనో ఆమ్లాలను కలిపి ఆటోక్లేవ్ చేస్తే గోధుమ రంగుకు తిరుగుతుంది, గ్లుటమిన్ అయితే వేడికి నిలవదు. అమైనో ఆమ్లాలను ఫిల్టర్ చేసి కలపండి. టైరోసిన్‌ను కొద్దిపాటి క్షారంలో కరిగించాలి. సిస్టీన్ 0.05 శాతం చాలు, ఏ రోజుకారోజు తయారు చేసుకోండి. ఎల్, డి అనే అద్దం ప్రతిబింబ రూపాలు రెండూ కలిసిన డీఎల్ మిశ్రమాలు చవకగా దొరుకుతాయి కానీ సగం డి రూపం లెక్కలు తప్పిస్తుంది, ఎల్ రూపమే కొనండి. ఖర్చు భరించలేకపోతే ఇరవై ఒమిషన్లూ చెయ్యక్కర్లేదు. లూసిన్, ఐసోలూసిన్, వాలిన్, ఆర్జినిన్, గ్లుటామేట్, సిస్టీన్, ట్రిప్టొఫాన్ ఈ ఏడు చేసినా గౌరవమైన ప్రాజెక్టే.

ఇనాక్యులమ్ (ట్యూబులో మొదట వేసే బ్యాక్టీరియా) దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఎంఆర్ఎస్‌లో పెరిగిన కణాన్ని అలాగే వేస్తే దానితోపాటు పెప్టోన్ వస్తుంది, కణం లోపల నిల్వలూ వస్తాయి. 0.85 శాతం సెలైన్‌తో రెండుసార్లు కడిగి, తక్కువ ఓడీతో మొదలుపెట్టి, అదే ఒమిషన్ మీడియంలోకి మళ్లీ ఒకటి రెండుసార్లు మార్చాక వచ్చిన పెరుగుదలనే నమ్మండి. లూసిన్ లేని ట్యూబు మూడో రోజు హఠాత్తుగా మసకబారితే పారబొయ్యకండి. కంటామినేషన్ కాదని గ్రామ్ స్టెయిన్‌తో తేల్చుకుని, అందులోంచి మళ్లీ లూసిన్ లేని మీడియంలోకి వెయ్యండి. ఈసారి వెంటనే పెరిగితే మార్పు చెందిన కణాలు వచ్చినట్టు. పెరగకపోతే వేరే సీసాలోంచి లూసిన్ జాడలు వచ్చాయన్నమాట.

రెండు విషయాలు ఫలితాన్ని తలకిందులు చేస్తాయి, రెండూ 1940ల నుంచి తెలిసినవే అయినా ఇప్పటికీ చాలామంది పట్టించుకోరు. ఒకటి విటమిన్ బి6. అమైనో గుంపును ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చే ఎంజైములన్నింటికీ అది కావాలి. మీడియంలో అది చాలకపోతే, తయారు చేసుకోగల అమైనో ఆమ్లాలు కూడా అత్యవసరం అన్నట్టు కనిపిస్తాయి. రెండోది కార్బన్ డయాక్సైడ్. ప్లాంటారమ్ స్ట్రెయిన్లలో చాలావాటికి మామూలు గాలిలో ఆర్జినిన్ కావాలి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న చోట అక్కర్లేదు. అందుకే ఒక సెట్ మామూలు ఇంక్యుబేటర్‌లో, ఇంకో సెట్ క్యాండిల్ జార్‌లో (లోపల కొవ్వొత్తి వెలిగించి మూసేసే, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువుండే జాడీ) పెట్టండి. రెండింటి మధ్య తేడా వస్తే ఆ ఒక్క పట్టిక మీ థీసిస్‌లో అన్నింటికన్నా విలువైన పేజీ అవుతుంది.

అత్యవసరం, ఉత్తేజకం, అనవసరం అని విడగొట్టడానికి పూర్తి మీడియంలో వచ్చిన పెరుగుదలను 100గా తీసుకుని, ఎంత శాతం కింద ఉంటే ఏ గుంపు అన్నది ప్రయోగానికి ముందే రాసి గైడ్‌తో సంతకం పెట్టించుకోండి. తర్వాత గీత గీస్తే డేటాకు తగ్గట్టు గీయాలనిపిస్తుంది. ఒకే రోజు పెట్టిన మూడు ట్యూబులు మూడు రిప్లికేట్లు కావు, మూడు వేర్వేరు రోజుల కల్చర్లతో చెయ్యండి. గైడ్‌గారు పాజిటివ్ రిజల్ట్ అడిగితే టెన్షన్ పడకండి. లూసిన్ తీస్తే ఆగింది, తిరిగి ఇస్తే, ఇచ్చిన కొద్దీ పెరిగింది అన్న గ్రాఫ్ చూపించండి, అంతకన్నా పాజిటివ్ ఏమీ ఉండదు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఈ రోజే రెండు ఐసొలేట్లకూ 20 శాతం గ్లిసరాల్‌తో స్టాకులు చేసి మైనస్ 80లో, లేకపోతే కనీసం మైనస్ 20లో పెట్టండి. ప్రతి ప్రయోగం ఆ స్టాకు నుంచే మొదలవ్వాలి. వారం వారం ఎంఆర్ఎస్ మీద గీస్తూ పోతే కొన్నాళ్లకు మీ దగ్గర ఉన్నది పండు మీద దొరికిన బ్యాక్టీరియానే అని చెప్పలేరు.